పాత తలుపు, కొత్త గోడ

మా తమ్ముని కుమారుడు నంద్యాలలో తన ఇంటిని ఇటీవల బాగుచేయించుకొన్నాడు. ఇల్లు కట్టి ఇరవై యేండ్లు దాటలేదు. గోడలు గట్టిగానే ఉన్నవి, కప్పు ఎక్కడా కారదు. అయినను చూచి చూచి విసుగు పుట్టినదట. హాలులోని మెరుగు టైల్సు పెరికించి, గోడల రంగు మార్పించి, ఇంటినంతటిని పాతకాలపు తీరులో దిద్దుకోవలెనని సంకల్పించినాడు. ఈ తీరుకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు రెట్రో. లాటినులో ఆ మాటకు వెనుకకు అని అర్థం. హైదరాబాదు, బెంగుళూరులలో ఏనాటినుండో ఉన్న ఈ వేడుక ఇప్పుడు మా ఊరి దాకా వచ్చినది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమయినది. వీధి వీధినా కొత్త మేడలు లేస్తున్న ఈ రోజులలోనే పాత తలుపుల మీద మోజు పెరగడం నాకు వింతగా తోచినది.

తెలుగు పంతులు గదా, పాత వస్తువుల పేర్లయినా చెప్పగలడనుకొన్నాడు కాబోలు, ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకొని పాత సామాను అమ్మే దుకాణానికి తీసుకొనిపోయినాడు. రేకుల కొట్టంలో ఇత్తడి గంగాళాలు, చిలకొయ్యలు, ఉయ్యాలబల్ల గొలుసులు, రంగు వెలసిన పటాలు, మసిబారిన లాంతర్లు రాసులుగా పడి ఉన్నవి. గోడ పొడుగునా తలుపులు నిలబెట్టి ఉన్నవి. పద్మాలు చెక్కినవి, చిలుకలు చెక్కినవి, పైపట్టెమీద గజలక్ష్మి ఉన్నవి. పాఠం అప్పగించలేక తరగతి బయట నిలబడిన పిల్లలవలె కనబడినవి. ఒక్కొక్కటి ఏ ఊరిదో, ఏ ఇంటిదో దుకాణదారునకు తెలియదు. అది అతని వ్యాపారానికి అవసరం కూడ లేదు.

"పెద్దనాయనా, మన ఊర్లో ఇంటి తలవాకిలి కూడ ఇట్లాంటిదే గదా? అదేమయింది?" అన్నాడు పిల్లవాడు.

దుకాణదారుడు వింటున్నాడన్న నెపంతో నేను మాట తప్పించినాను. తరువాత కూడ చెప్పలేదు. అడిగినవానికి ఎదుట చెప్పలేనిది ఇక్కడ వ్రాస్తున్నాను. ఆ తలుపును 2016లో నేనూ, వాని తండ్రీ కలిసి అమ్మివేసినాము. ఇట్లాంటి వ్యాపారియే ఒకడు వ్యాను వేసుకొని వచ్చి, తలుపును, ద్వారబంధాన్ని, చెడని దూలాలను ఎత్తుకొనిపోయినాడు. అతడిచ్చిన సొమ్ము ఇల్లు పడగొట్టిన కూలికి కూడ చాలలేదు.

ఆ ఇల్లు ఆళ్లగడ్డకు కొద్ది దూరంలో నల్లమల కనబడే ఒక పల్లెలో ఉండెడిది. మా తాతగారు కట్టించిన మట్టి మిద్దె. మిద్దె అనగానే కోస్తా ప్రాంతపు పాఠకులు మేడను తలచుకొంటారు. మా సీమలో మిద్దె అంటే పైన మట్టి కప్పిన చదును ఇల్లు. రెండడుగుల మందం రాతిగోడలు, నడుమ కొయ్య స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద సన్న కట్టెలు దగ్గర దగ్గరగా పేర్చి, దానిపై కసవు పరచి, మట్టి వేసి తొక్కి, అన్నింటికి పైన చవుడు కప్పుతారు. ఈ చవుడు సంగతి కొంచెము చెప్పవలె. పొలంలో చవుడు తేలినదంటే రైతు తలకు చేయి పెట్టుకొంటాడు. నీరు లోపలికి ఇంకదు, పైరు బ్రతకదు. అందులో సోడియం లవణాలు హెచ్చు. తడిసినప్పుడు మట్టి రేణువులు విడివడి, మెత్తని పిండియై, సందులన్నింటిని పూడ్చివేస్తవి. పొలానికి శాపమైన ఈ గుణమే ఇంటికప్పు మీద వరమయినది. నీరు ఇంకనీయని మట్టికంటె కప్పుకు కావలసినదేమున్నది? రసాయనశాస్త్రం చదవని మా పెద్దలు పనికిరాని మట్టికి పని కనిపెట్టినారు.

నడిమింటి కప్పులో గవాచి ఉండెడిది. గవాక్షము అనే సంస్కృత శబ్దమే పల్లెల నోట గవాచి అయినది. సంస్కృతంలో అది కిటికీ. మా ఇండ్లలో అది కప్పుకు పెట్టిన రంధ్రము. పొగ పైకి పోయెడిది, వెలుగు క్రిందికి దిగెడిది. ఉదయం గోడమీద ఉన్న వెలుగు బిళ్ల మధ్యాహ్నానికి నేలమీదికి దిగి, సాయంకాలానికి ఎదుటి గోడ ఎక్కేది. దానిని చూచి మా అవ్వ పొద్దు చెప్పెడిది. వాన వచ్చినదంటే పిల్లలలో ఒకడు మిద్దె యెక్కి గవాచి మీద నాపరాయి మూత వేయవలె. ఆ పని నాకు వచ్చిన రోజున నేను గొప్పవాడనని అనుకొనేవాడను.

నేల నాపరాళ్లు. బేతంచెర్ల గనుల నుండి వచ్చిన రాళ్లు. ఈ రాతిని గూర్చి ఎవరికైనా ఎంత చెప్పినా తక్కువే. ఇది సున్నపురాయి, పొరలు పొరలుగా ఏర్పడినది గనుక పలకలుగా విడిపోతుంది. మా జిల్లాలోనే ఉన్న బెలుం గుహలలో మూడు కిలోమీటర్లకు పైగా భూమిలోపల నీరు తొలిచిన సున్నపురాయి జాతికి చెందినదే. పొరుగు జిల్లావారి నల్లని పలకను దేశమంతటా కడపరాయి అనే పేరుతో వంటింటి గట్లకు, అలమరలకు వాడుతారు. మే నెలలో నంద్యాల ఎండ నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలకు పోయినప్పుడు, మధ్యాహ్నం నాపరాతి మీద చాప అయినా లేకుండ వెల్లకిల పడుకొన్నవానికి ఆ రాతి విలువ తెలుస్తుంది. ఇదే రాతిని కాల్చి, నీళ్లు పోసి విరియించి, ఇసుకతో చేర్చి ఎద్దుల గానుగలో రుబ్బితే గచ్చుసున్నం. గోడకు పెట్టిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి రాయి అవుతుంది. రాయి సున్నమై, సున్నం మళ్లీ రాయి కావడాన్ని మా పిల్లలు పరీక్షకొరకు సమీకరణంగా వల్లె వేస్తారు. వాండ్ల తాతలు దానిలో కాపురం చేసినారు.

ఇంతవరకు చదివినవారు, ఇట్లాంటి ఇల్లు ఎట్లా పడగొట్టినారయ్యా అని అడుగుతారు. మేము పడగొట్టడానికి చాలా ముందే అది పడిపోవడం మొదలయినది.

మట్టి మిద్దెకు ఏటేటా సేవ కావలె. తొలకరికి ముందు కప్పు మీద మొలచిన గడ్డి పెరికి, బీటలు పూడ్చి, కొత్త చవుడు మోయించి, దిమ్మిసతో కొట్టించి, నీరు జారిపోయేటట్లు వాలు సరిచేయవలె. సంక్రాంతికి ముందు గోడలకు సున్నం కొట్టవలె. మా పల్లెలలో సున్నం కొట్టడానికి పండుగ ఒక్కటే కారణం కాదు. కనుమనాడు అహోబిలం నుండి నృసింహస్వామి పారువేట బయలుదేరుతుంది. ఎగువ అహోబిలం జ్వాలానృసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో కూర్చుండి, నలభై దినాలకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలు తిరుగుతారు. చెంచులక్ష్మి మా అడవి పిల్ల గనుక స్వామి మాకు అల్లుడు. తన పెండ్లికి రమ్మని తానే వచ్చి పిలుస్తాడని మా వారి నమ్మకం. అల్లుడు వచ్చేనాటికి ఇల్లు మాసి ఉండగూడదు. మా నాయన నిచ్చెన మీద, మేమిద్దరం క్రింద సున్నపు కడవ పట్టుకొని, మూడు రోజులు ఆ పని సాగెడిది. చేతులు పొక్కెడివి. మా అమ్మ కొబ్బరినూనె రాసేది.

తరువాత ఏమయినది? నాకు నంద్యాలలో ఉద్యోగమయినది, తమ్మునికి మరొకచోట అయినది. నాయనకు వయసు మీరినది. 1990 ప్రాంతంలో ఒకసారి మేము తెలివి మెరసి, ఏటేటా సున్నం బాధ తప్పుతుందని వెలుపలి గోడలకు సిమెంటు పూత వేయించినాము. ఊరిలో పదిమంది వచ్చి చూచి మెచ్చుకొన్నారు. మట్టితో కట్టిన గోడలోపలి చెమ్మ సున్నపుపూత నుండి బయటికి పోగలదు గాని సిమెంటు నుండి పోలేదని మాకు ఎవ్వరూ చెప్పలేదు. చెప్పినా వినేవారము కామేమో. చెమ్మ పూత వెనుక చేరి రాళ్లనడిమి మట్టిని మెత్తబరచినది. నాయన పోయిన తరువాత రెండేండ్లు చవుడు వేయించలేదు. మూడవ యేట వానకు నడిమింటి దూలం ఒకటి తడిసి చివికినది. మా పక్క దీనిని మిద్దె ఉరవడం అంటారు. ఉరిసిన మిద్దెను ఆ యేడు పట్టించుకొని ఉంటే నిలిచేది. ఇల్లు పాతబడినందున కూలలేదు. నూరేండ్లు అది పాతదిగానే ఉండి నిలిచినది. దానికి ఏటా చేయవలసిన పనిని మేము మానుకొన్నందున కూలినది.

నేడు పాతకాలపు తీరు పేరుతో జరుగుతున్న అలంకరణను గూర్చి నాకున్న అభ్యంతరమంతా ఇక్కడనే ఉన్నది. పాత ఇంటి అందం దాని తలుపులోను, చిలకొయ్యలోను మాత్రమే లేదు. దానిని ఏటేటా నిలుపుకొంటూ వచ్చిన పనిలో ఉన్నది. మనము ఆ పనిని వదలివేసి, వస్తువును మాత్రము కొనుక్కొంటున్నాము. కొనేవాడు ఉన్నాడు గనుక అమ్మేవాడు పుట్టినాడు. అమ్మేవానికి సరుకు కావలె గనుక పల్లెలో మరొక మిద్దె నేలమట్టమవుతున్నది. నంద్యాలలో ఒక హాలుకు వెనుకటి శోభ రావడానికి ఆళ్లగడ్డ తాలూకాలో ఒక ఇల్లు తన వాకిలిని పోగొట్టుకోవలె. ఇది మన ఒక్కరి గాథ కాదు. తమిళదేశంలో చెట్టినాడు మేడలు పంపకాలలో ముక్కలై, వాటి బర్మాటేకు స్తంభాలు, తలుపులు, పింగాణి సామాను కారైకుడి దుకాణాలలోకి చేరినవి. ఎక్కడెక్కడి హోటళ్లవారో వచ్చి కొనుక్కొనిపోయినారు.

ఇంగ్లండులో 1877లో విలియం మారిస్ అనే కవి, మిత్రులతో కలిసి పురాతన భవనాల రక్షణకు ఒక సంఘం స్థాపించినాడు. అప్పటి ధనికులు, మతాధికారులు పాత దేవాలయాలను "పూర్వవైభవానికి" తెస్తామని చెప్పి, కాలం మిగిల్చిన పూతలను గీకివేసి, కొత్తగా పాతదనం చెక్కిస్తుంటే అతడు ఎదిరించినాడు. పాత కట్టడానికి చేయవలసినది నిత్యరక్షణయే గాని కొత్త వేషం కాదని అతని వాదం. మారిస్ స్వయంగా గోడకాగితాలకు, గుడ్డలకు అందమైన అచ్చులు గీసి అమ్మినవాడు. అలంకారానికి శత్రువు కాడు. కప్పు కారకుండ ఒక పలక సరిచేయడం గొప్ప కళాకారుని పనికి తక్కువ కాదని నమ్మినవాడు. అతడు మా మిద్దెను చూచి ఉంటే మా సిమెంటు పూతకు మమ్మల్ని చీవాట్లు పెట్టి ఉండేవాడు.

నేను ఒక మిత్రుని కొత్త ఇంటికి గృహప్రవేశానికి పోయినాను. హాలులో ఎదురుగోడ నడుమ చక్కని జోడుతలుపు ఉన్నది. ఇత్తడి బొడిపెలు తోమి మెరిపించినారు. అది పూజగది వాకిలి అనుకొని, చెప్పులు విడిచినవాడను గనుక ధైర్యంగా గొలుసు తీయబోయినాను. "తెరవకండి సార్, వెనుక గోడ" అన్నాడు మిత్రుడు. తలుపు వెనుక గది లేదు. కొత్త గోడకు నాలుగు మరలతో పాత తలుపును బిగించినారు. దానికి పైనుండి చిన్న దీపం కూడ పెట్టినారు. ఒకనాడు ఎండ, వాన, దొంగ, చుట్టము అన్నింటికి అడ్డముగానో, దారిగానో నిలిచిన వస్తువు అది. ఏ ఇంటి ఆడపడుచులు ఏ పండుగకు దాని గడపకు పసుపు పూసినారో! భోజనం మాత్రం చాల బాగున్నది. ఆ మాట కూడ చెప్పకపోతే నేను కృతఘ్నుడను.

ఇంకొక వింత. ఈ నడుమ పింగాణి టైల్సు మీద నాపరాతి బొమ్మ అచ్చువేసి అమ్ముతున్నారు. రాతి గీత, రాతి మచ్చ, రాతి గరుకుతనం, అన్నీ ఉన్నవి, రాయి ఒక్కటే లేదు. ఎక్కడో కర్మాగారంలో తయారయి, వందల మైళ్లు లారీలలో ప్రయాణం చేసి, అసలు రాయి కాలిక్రింద ఉన్న నంద్యాలకు దాని చిత్రపటం వస్తున్నది! బేతంచెర్లకు పోయి రావడానికి ఒక పూట చాలును. మా పిల్లవాడు కూడ మొదట ఆ టైల్సే ఎంచినాడు. అసలు రాయి అయితే "ఒకే రంగులో రాదు" అన్నది అతని ఇబ్బంది. అదే గదా అబ్బాయీ రాయి అంటే, అన్నాను.

ఆళ్లగడ్డ శిల్పుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం కుంటుపడుతుంది. దేవతామూర్తులను చెక్కడంలో వారికి పేరున్నది. వారి పనితనం భౌగోళిక సూచిక కూడ పొందినది. వారి ఉలి క్రింద నేడు దేవతలతోపాటు తోటలకు దీపస్తంభాలు, వాకిండ్లకు ఏనుగులు, అరచేతిలో పట్టే రోళ్లు, తిరుగని విసురురాళ్లు కూడ తయారవుతున్నవి. నేను దీనిని తప్పుపట్టను. శిల్పి బ్రతకవలె. దండగ అనిపించేది ఒకటే. రాతిని అంతగా ఎరిగిన చేతులు దగ్గరలోనే ఉండగా, ఇంటికి ఒక గడప, ఒక మెట్టు, నీళ్లు పోసుకొనే ఒక తొట్టి, పిల్లలు కూర్చొనే ఒక బల్ల చెక్కించుకోవలెనని మనకెవరికీ తోచదు. వాడే వస్తువు సిమెంటుతో, చూచే వస్తువు రాతితో చేయించుకొంటాము. మన తాతలు తద్విరుద్ధంగా చేసినారు. వారి ఇంట చూడడానికి మాత్రమే పనికివచ్చే రాయి ఒక్కటి కూడ నాకు గుర్తు లేదు.

ఇక్కడ నన్ను నేను అదుపులో పెట్టుకోవలె. యాభై దాటిన తెలుగు పంతులు పాత ఇంటిని పొగడడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాడో చెప్పలేము. విద్యార్థులు ఈ వ్యాసం చదివి పూర్వం అంతా బంగారమేనని అనుకొంటే నేను వారిని మోసగించినవాడనవుతాను.

మిద్దెను పడగొట్టిన రోజున మేము మా అమ్మ దుఃఖిస్తుందని భయపడినాము. ఆమె వేపచెట్టు క్రింద మంచం మీద కూర్చొని, దూలాలు దించుతుంటే ఓపికగా చూచి, "పోతే పోనీలేప్పా. వానొచ్చిన రాత్రంతా గిన్నెలు మార్చి మార్చి నా నడుం ఇరిగింది" అన్నది. కప్పు నుండి రాలే మట్టిని రోజుకు నాలుగుమార్లు ఊడ్చినది ఆమె. తేళ్లను చంపినది ఆమె. గవాచి ఎంత అందమయినదని నేను వ్రాసినాను గాని, దాని క్రింద పొగలో కండ్లు ఎర్రచేసుకొని వండినది ఆమె. విసురురాయి ముందు తెల్లవారుజామున కూర్చున్నది ఆమె. మరుగుదొడ్డి లేని ఆ ఇంటిలో చీకటి పడేవరకు కాచుకొన్నది ఆమె. ఏటేటి సేవ అని నేను ఘనంగా చెప్పిన దానిలో సగభాగం ఆమె వీపు మీద నడచినది. నూనె రాసిన చేయి పొక్కిన చేతికంటె తక్కువ పనిచేయలేదు. అలంకారానికి గోడకు వేలాడదీసిన చేటను చూచినప్పుడు ఈ సంగతి మనకు గుర్తు రాదు.

అరుగు సంగతి మరొకటి. పాత అరుగుల ఆప్యాయతను గూర్చి మన పత్రికలలో ఎన్నో రచనలు వచ్చినవి. దారిన పోయేవాడు కూర్చొని మంచినీళ్లు త్రాగిపోయేవాడని వ్రాస్తాము. మా అరుగుమీద అందరూ కూర్చొనలేదు. మా పొలంలో పనిచేసిన వృద్ధుడు ఒకడు, నాయనకంటె పదేండ్లు పెద్ద, కూలి లెక్కకు వచ్చినప్పుడు వీధిలో నిలబడియే మాట్లాడేవాడు. అరుగు అతనికి నాలుగడుగుల దూరంలో ఖాళీగా ఉండెడిది. చిన్నతనంలో అది నాకు వింతగా కూడ తోచలేదు. తోచకపోవడమే ఇప్పుడు వింతగా ఉన్నది. అరుగును తిరిగి కట్టుకొనేవారు ఆ నాలుగడుగుల దూరాన్ని కూడ కట్టుకోకుండ చూచుకోవలె.

అయితే ఏమి చేయమంటావని మా పిల్లవాడు నన్ను నిలదీసినాడు. తలుపు కొనవద్దంటివి, టైల్సు వద్దంటివి, పాత ఇల్లు మంచిది కాదంటివి! న్యాయమైన కోపమే. నేను చెప్పినది కొద్దిగానే. ఇంటిలో ఇరవై యేండ్లనాటి టేకు తలుపులు ఉన్నవి. వాటి మీది పెయింటు గీకించి నూనె పట్టించమన్నాను. అవియే మరి నలభై యేండ్లకు అతని మనుమలకు పాత తలుపులవుతవి. నేలకు బేతంచెర్ల రాయి వేయించమన్నాను. గోడలకు సున్నం వేయిస్తానన్నాడు. పీల్చుకొనే గోడకే సున్నం పట్టుతుంది, ప్లాస్టిక్ రంగు మీద కొడితే పొలుసులు పొలుసులుగా రాలుతుంది, కావలెనంటే మిద్దె పైభాగానికి వేయించమన్నాను. తెల్లని కప్పు ఎండను త్రిప్పికొడుతుంది. వాకిండ్ల పైన మూసివేసిన గాలికంతలు తెరిపించమన్నాను. ఇంగ్లండులో 1917లో పుట్టి, హిమాలయాలలోని పిఠోరాగఢ్‌లో కొండజనం ఇండ్లను చూచి నేర్చుకొని, కేరళలో స్థిరపడి, 2007లో కన్నుమూసిన లారీ బేకర్ చేసినది ఇదియే. చుట్టుపట్ల దొరికే రాయి, ఇటుక, సున్నం ఎట్లా పనిచేస్తవో తెలుసుకొన్నాడు. 

ఇక పల్లెలలో ఇంకా నిలిచి ఉన్న మిద్దెలు. నిజమైన పునరుద్ధరణ అక్కడ జరుగవలె. మా ఊరిలో పది పన్నెండు మిగిలినవి. డెబ్బది దాటిన మేస్త్రీ ఒకడున్నాడు. మొన్న పండుగకు పోయినప్పుడు అడిగితే, "సవుడు యేసేది నాకు తెల్సు సార్. మోసేటోళ్లు యాడుండారు? మోసినా మీరు కూలి ఇయ్యగలరా?" అన్నాడు. అతని ప్రశ్నలో వేళాకోళం లేదు. ఒక తలుపుకు దుకాణంలో మా పిల్లవాడు ఇవ్వబోయిన సొమ్ముతో ఆ మేస్త్రీ లెక్క ప్రకారం ఒక మిద్దెకు ఈ తొలకరికి చవుడు వేయవచ్చును. నేను లెక్క రెండుమార్లు సరిచూచినాను.

ఉపాధ్యాయులకు ఒక మాట. నా తరగతిలో దంతె అంటే ఏమిటని అడిగినాను. అరవైమందిలో ఒక్క అమ్మాయి చెప్పగలిగినది, అదికూడ వాండ్ల అవ్వ ఇల్లు మిద్దె అయినందున. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలయిన మాండలిక వృత్తిపదకోశాలలో గృహనిర్మాణ పదాలకు కూడ చోటు దొరికినది. అయితే పుస్తకంలో ఉన్న దంతె మీద కప్పు నిలువదు. మీ ఊరిలో మిద్దె ఒకటి మిగిలి ఉంటే పిల్లలను ఒక పూట అక్కడికి తీసుకొనిపోండి. ఆ ఇంటి ముసలమ్మను అడిగి పేర్లు వ్రాసుకోమనండి. పేర్లతోపాటు ఆ ఇంటిలో ఏ పని ఎవరు చేసేవారో, అరుగుమీద ఎవరు కూర్చొనేవారు కారో కూడ అడిగి వ్రాసుకోమనండి.

మా అమ్మ మిద్దెలోనుండి ఒకే వస్తువు అడిగి తెప్పించుకొన్నది. తలుపు కాదు, గంగాళము కాదు. అరుగు మీది నాపరాయి, ఆరడుగుల పలక. నంద్యాలలో మా పెరటిలో వేయించి, దానిమీద కూర్చొని గుడ్డలు ఉతికించేది, కూరగాయలు తరిగేది. ఆమె పోయి నాలుగేండ్లయినది. దుకాణం నుండి తిరిగివచ్చిన మూడవ రోజున తమ్ముని కుమారుడు వచ్చి పెరటిలో చాలాసేపు ఆ రాతివైపు చూచి, "ఇది నేను తీసుకొనిపోనా, పెద్దనాయనా?" అన్నాడు. ఆరుగురు మనుషులు పట్టి ఎత్తవలసి వచ్చినది. దానిని అతడు హాలులో పెట్టలేదు. గేటుకు వెలుపల, కానుగచెట్టు నీడలో, రెండు దిమ్మెల మీద వేయించినాడు. పోయినవారం నేను అటు పోయినప్పుడు సామాన్లు ఇండ్లకు చేరవేసే కుర్రవాడొకడు సంచి ప్రక్కన పెట్టుకొని, దానిమీద కూర్చొని, డబ్బా విప్పి అన్నం తింటున్నాడు. నన్ను చూచి లేవబోయినాడు. కూర్చో నాయనా అని, నేను లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చినాను.